గులాబీ పిట్టలకి ఏ కెమెరా మంచిది?

కుట్టుగది, కిటికీ పక్క
జూన్ 3

వదినా,

ఫోన్ చేస్తే "చూద్దాంలే" అని తప్పించుకుంటావు. కాగితం మీద అడిగితే కాగితం మీదే జవాబు చెప్పాలి కాబట్టి ఉత్తరం రాస్తున్నాను. నాకొక కెమెరా కావాలి. జేబులో పట్టేది కాదు. కంటికి ఆనించుకుని, ముందున్న గొట్టం తిప్పుతూ తీస్తారే, ఆ పెద్ద డిజిటల్ ఎస్సెల్లార్. ఇరవై ఆరేళ్ళుగా కెమెరాల పొట్టలు విప్పి మళ్ళీ మూస్తున్నదానివి, నీకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది?

ఎందుకో చెప్తాను, స్థిమితంగా చదువు. మీ తమ్ముడికి దూరపు రూటు ఈ ఏడాదితో ఆఖరు. వయసైందని వచ్చే ఏడాది నుంచి దగ్గర ఊళ్ళ లోడ్లే ఇస్తారట. ఆగస్టు పదో తారీఖున అద్దాల లోడుతో బయల్దేరితే, ఒక్కో ఊళ్ళో దించుకుంటూ, ఇంకోటి ఎక్కించుకుంటూ తిరిగొచ్చేసరికి రెండు నెలలు. ఆఖరి ట్రిప్పు కదా, కావాలంటే భార్యను రెండో సీటులో కూర్చోబెట్టుకోవచ్చని కంపెనీవాళ్ళు రాసిచ్చారు. నేను అడిగాను. ఆయన అన్నం తింటూ సరేనన్నారు.

పెళ్ళయిన ఈ ముప్ఫై ఏళ్ళలో ఆయన ఇంట్లో ఉన్నది మొత్తం కలిపినా పదేళ్ళుండదు. మిగతాదంతా ఫోన్లోనే కాపురం. దారిలో చూసిన ప్రతి చోటు గురించీ చెప్పేవారు. గులాబీరంగు పిట్టలు వేలకొద్దీ దిగే చెరువు, లారీకి అడ్డంగా నిలబడి ఎగాదిగా చూసిన దుప్పులు, రాత్రికి రాత్రి మంచుతో తెల్లబడ్డ కొండ. మిషను మీద స్కూలు చొక్కాలు కుడుతూ అవన్నీ విన్నాను. మా అమ్మాయి కూడా ఆ కబుర్లతోనే పెరిగి పెళ్ళి చేసుకుని వెళ్ళింది. ఇప్పుడు నేను వాటిని కళ్ళారా చూడాలి. ఈసారి కాకపోతే ఇంక లేదు, వదినా.

నా చేతులు చిన్నవి. దగ్గర చూపుకి కళ్ళజోడుంది. మీటలు ఎక్కువైతే కంగారు పడతాను. అన్నీ చూసి చెప్పు.

నీ మరదలు


రిపేరు బల్ల, కొట్టు వెనక గది
జూన్ 12

మరదలు పిల్లా,

ఉత్తరం చదివి నవ్వుకున్నాను. అన్నం ముందు కూర్చోబెట్టి అడిగావన్నమాట. మా వాడు చిన్నప్పటి నుంచీ ముద్ద నోట్లో ఉండగా దేనికీ కాదనడు.

నాకు కెమెరాల పేర్లు నోట్లో నిలవవు, రోగాల పేర్లే గుర్తుంటాయి. నీ చేతికి సరిపోయేవి మూడు రకాలు. ఒకటి "మూత ఊడేది". దాని బ్యాటరీ మూత ఏడాది తిరక్కుండా ఊడి నా దగ్గరికొస్తుంది. ఇంకోటి "చక్రం బిగిసేది". పైనున్న చక్రం తుమ్మబంక పోసినట్టు పట్టేస్తుంది. మూడోది "అద్దం మొండిది". ఎస్సెల్లార్ లోపల చిన్న అద్దం ఉంటుంది, మీట నొక్కగానే లేచి మళ్ళీ పడుకోవాలి. దీనిది లేస్తే పడుకోదు.

అసలు లారీలో ప్రయాణమంటే దుమ్ము, కుదుపు, ఎండ. ఆ ముగ్గురికీ కెమెరా అంటే పగ. లోపల గోరంత పలక ఉంటుంది, బొమ్మ పడేది దాని మీదే. దాని మీద ఒక్క రేణువు కూర్చుంటే నువ్వు తీసిన ప్రతి ఆకాశానికీ పుట్టుమచ్చే. ఫోన్లో కెమెరా ఉంది కదా, అది చాలదా? రెండు నెలలు ఆ సీటులో నీ నడుం నిలుస్తుందా అని కూడా చూసుకోవాలి. తొందరపడకు.

వదిన


కుట్టుగది
జూన్ 25

వదినా,

నువ్వు భయపెడితే భయపడడానికి నేనేమన్నా నిన్న కాపురానికి వచ్చానా?

టేపు పట్టుకుని కెమెరాల కొట్టుకి వెళ్ళాను. నువ్వు చెప్పిన మూడు రోగాలూ చెబితే అతను ఆశ్చర్యపోయి మూడూ తీసి బల్ల మీద పెట్టాడు. పొడవు, వెడల్పు, లావు, పట్టుకునే చోట చుట్టుకొలత రాసుకున్నాను. బరువులు అతనే చెప్పాడు. ఇంటికొచ్చి యూనిఫారం ప్యాంటు గుడ్డతో మూడు ఉత్తుత్తి కెమెరాలు కుట్టాను. లోపల పాత బొత్తాలు, విరిగిన కత్తెర ముక్కలు, మిషను నట్లు కూరి, కూరగాయలావిడ తక్కెట్లో తూచి, సరిగ్గా అంతే బరువు చేశాను. ముందు గొట్టానికి దారపుకండె పెట్టాను. వార్లు కుట్టి, ఒక్కోదాన్ని మూడేసి రోజులు మెడలో వేసుకుని తిరిగాను. మిషను దగ్గర, బజార్లో, మేడమెట్ల మీద.

"చక్రం బిగిసేది" పెద్దది. మధ్యాహ్నానికి మెడ లాగేసింది. "అద్దం మొండిది" మరీ పొట్టి, పట్టుకుంటే చిటికెనవేలికి చోటు లేక గాల్లో వేలాడింది. "మూత ఊడేది" మాత్రం చేతిలో కత్తెరలా కూర్చుంది. కొలతలివ్వడానికి వచ్చిన ఒకావిడ "మెడలో అదేమిటండీ, నొప్పికా?" అని అడిగింది. అవునన్నాను.

శనివారం మీ తమ్ముడు వచ్చారు. కొక్కేలకి వేలాడుతున్న మూడింటినీ చూశారు. ఒకటి చేతిలోకి తీసుకుని, బరువు చూసి, మళ్ళీ అక్కడే తగిలించి, లారీ కడగడానికి వెళ్ళారు. పొద్దున్నే కడిగిన లారీ. సంతోషమో దిగులో నాకు అంతు చిక్కలేదు.

ఇప్పుడు వరసగా జవాబు చెప్పు. కళ్ళజోడుతో ఆ కన్నంలో చూడగలనా? బ్యాటరీ ఎన్నాళ్ళొస్తుంది? లారీలో ఛార్జింగ్ పెట్టుకోవచ్చా? ఏది కొనను?

నీ మరదలు


రిపేరు బల్ల
జులై 4

మరదలా,

గుడ్డ కెమెరాల సంగతి మా కొట్టుకొచ్చిన వాళ్ళందరికీ చెప్పాను. ఇన్నేళ్ళలో కెమెరాని కొలతలు తీసి కొనేదాన్ని నిన్నే చూశాను.

కన్నం పక్కన చిన్న చక్రం ఉంటుంది, నీ చూపుకి తగ్గట్టు తిప్పుకుంటే కళ్ళజోడు తీసేసి చూడొచ్చు. బ్యాటరీ అయిదారొందల ఫోటోల దాకా వస్తుంది. రెండోది ఒకటి కొనుక్కో. లారీలో సిగరెట్టు ముట్టించే కన్నానికి తగిలించే ఛార్జరు దొరుకుతుంది.

ఏది కొనాలంటే, ఆ మూడూ వద్దు. నాలుగోది ఒకటుంది. వచ్చి మూడేళ్ళయింది, ఈ బల్ల మీదకి ఒక్కసారి కూడా రాలేదు. రోగం లేని కెమెరా అంటే అదే. కళ్ళు మూసుకుని కొను.

కానీ ఒక్క మాట. ఆ చెరువు దగ్గర ఇప్పుడు లారీలు ఆపనివ్వడం లేదు. ఆ కొండ మీద కొన్నేళ్ళుగా మంచే పడటం లేదు. దుప్పులు కూడా రోడ్డు మీదకి రావడం మానేశాయి. అంత దూరం వెళ్ళి ఉత్త చేతులతో వస్తే నీ మనసు కష్టపడుతుందేమోనని నా బాధ. కెమెరా కొనుక్కుని ఇక్కడికి రా. నాలుగు రోజులుండి, మన చుట్టుపక్కలే తీసుకుందువుగాని.

వదిన


కుట్టుగది
జులై 9

వదినా,

కెమెరా సంగతి అడిగితే వాతావరణం సంగతి చెప్తున్నావు. కొట్టులోంచి బయటికి రాని నీకు ఏ కొండ మీద మంచు పడటం లేదో ఎలా తెలిసింది? ఈ కబుర్లు నీకెవరు మోసుకొచ్చారు? గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టుంది నీ వరస.

పోయిన నెలాఖరున మీ తమ్ముడు మీ ఊరి మీదుగానే వెళ్ళారు. వచ్చిన దగ్గర్నుంచి రోజుకొక వంక. రెండో సీటు చిరిగింది, స్పాంజి పోయింది అన్నారు. కొలత తీసుకుని ఒక్క పూటలో కొత్త కవరు కుట్టి వేశాను. రెండో రోజు ఇంజను వేడి కాళ్ళకి తగులుతుంది అన్నారు. దుప్పటి నాలుగు మడతలు వేసి కుట్టి పరిచాను. నిన్న ఏ వంకా దొరక్క నా మొహం చూసి ఊరుకున్నారు.

నాకు నిజం చెప్పు. నేను రావడం ఆయనకి ఇష్టం లేదా? ముప్ఫై ఏళ్ళు దూరంగా ఉండి అలవాటైన మనిషికి రెండు నెలలు నన్ను పక్కన భరించడం కష్టంగా ఉందా? అదే అయితే ఏడుస్తాను గానీ, ఆగిపోతాను. వాళ్ళ మాట వీళ్ళ మాట వద్దు. నీ మాట కావాలి.

మరదలు


రిపేరు బల్ల
జులై 15

అమ్మా మరదలా,

రెండు తప్పులు ఒప్పుకోవాలి. చిన్నది ముందు చెప్తాను.

ఆ నాలుగో కెమెరా కొనకు. ఎదురుగా కెమెరాలు అమ్మే కొట్టు అతన్ని అడిగితే పకపకా నవ్వాడు. ఈ ఊరు మొత్తం మీద అవి అమ్ముడైంది తొమ్మిదట. అందులో ఒకటి అతని తోడల్లుడి బీరువాలో డబ్బా విప్పకుండా ఉందట. కదిలిస్తే కదా చెడిపోవడానికి! ఆ మూత ఊడే దాన్ని జనం కొండలెక్కిస్తారు, పడవలెక్కిస్తారు, చంకనేసుకుని దేశాలు తిరుగుతారు. అందుకే నా దగ్గరికి ఇన్ని వస్తాయి. మొన్న ఒకదాన్ని విప్పితే లోపల ఇసుక, ఎండిన గడ్డిపరక. అయినా పనిచేస్తోంది. ఎప్పుడూ రోగులే నా ఎదురుగా ఉంటే, ఇంటిపట్టున పడుకున్నవాళ్ళే ఆరోగ్యవంతులనుకున్నాను. నీ చెయ్యి ముందే సరైనదాన్ని ఎంచుకుంది.

రెండోది పెద్దది. వాడు వచ్చాడు. నా ముందు స్టూలు మీద కూర్చుని, నా స్క్రూడ్రైవర్లన్నీ ఒక్కోటీ తీసి తిప్పి చూశాడు.

"అక్కా, దాన్ని ఎలాగైనా ఆపు" అన్నాడు చివరికి.

"ఎందుకురా? నీకు బరువా?"

"బరువేంటక్కా! అది పక్కన కూర్చుంటే నాకంటే అదృష్టవంతుడు ఉండడు. చెరువు లేదక్కా. దుప్పులూ లేవు. కొండ మాత్రం ఉంది, దాని మీద ఎప్పుడూ మంచు పడలేదు. అన్నీ నేను కల్పించినవే."

"ఎన్నాళ్ళ నుంచిరా?"

"మొదట్నుంచీ. రోడ్డు మీద నాకు కనపడేది ముందు లారీ బంపరు. రోజూ దానికి ఫోన్ చేసి బంపరు సంగతి చెప్పమంటావా? ఇప్పుడొచ్చి చూస్తే ముప్ఫై ఏళ్ళు మోసం చేశాడనుకుంటుంది. ఎదురుగా కూర్చుని ఆ మొహం ఎలా చూడను?"

లెన్సులు తుడిచే గుడ్డతో కళ్ళు తుడుచుకున్నాడు. దానికి కూడా తిట్టాను. కానీ తమ్ముడు కదా, మాటిచ్చాను. ఇప్పుడు తప్పుతున్నాను. నువ్వంటే ఇష్టం లేక కాదు, నువ్వంటే భయపడి వద్దంటున్నాడు. ఇక నీ ఇష్టం.

వదిన


కుట్టుగది
జులై 22

వదినా,

నీ ఉత్తరం చదివి, మిషను ఆపేసి, మళ్ళీ మొదట్నుంచీ చదివాను. ఏడ్చాను కూడా. బాధేసి కాదు, గుండెల మీద బరువు దిగినందుకు.

నేనూ నీకు నిజం రాయలేదు. చెరువు లేదని నాకు తెలుసు.

మా అమ్మాయికి మూడో ఏడు నడుస్తున్నప్పుడు మళ్ళీ ఒకసారి ఆ చెరువు గురించి చెప్పారు. కాకపోతే అప్పుడు ఆయన వెళ్తున్నది పూర్తిగా వేరే వైపు. పక్కింటి మాస్టారి దగ్గర మ్యాపు తీసుకుని వేలు పెట్టి వెతికాను. ఆ దారిలో చెరువు కాదు కదా, నీటి చుక్క లేదు. కోపం వచ్చింది. మర్నాడు ఫోన్లో కడిగేద్దామనుకున్నాను. తీరా ఆయన గొంతు విన్నాక నోరు రాలేదు. పొద్దస్తమానం బండి తోలి అలిసిపోయిన మనిషి, నా ఒక్కదాని కోసం చెరువు తవ్వి, నీళ్ళు నింపి, పిట్టల్ని దింపాడు. దాన్ని పట్టుకుని అబద్ధం అనాలా? తెలుసని చెబితే ఇంక చెప్పడం మానేస్తారేమోనని భయం కూడా వేసింది. అందుకే వింటూ వచ్చాను.

నాకు చెరువు అక్కర్లేదు వదినా. ఆ చెరువు లేని చోట ఇన్నేళ్ళు ఆయన ఏం చూస్తూ కూర్చున్నారో అది చూడాలి. బంపరైతే బంపరే. ఈ మాట ఆయనతో నేనే చెప్తాను. ఎప్పుడు చెప్పాలో నాకు వదిలెయ్. నువ్వు మాత్రం నోరు మెదపకు.

కెమెరా కొన్నాను. మూత ఊడేదే. చేతిలో పెట్టగానే తెలిసిపోయింది. మీట నొక్కితే కొత్త కత్తెరతో గుడ్డ కత్తిరించినట్టు చప్పుడు. ఇక ఆ మూతంటావా, రెండంగుళాల ఎలాస్టిక్ తొడుగు కుట్టి బిగించాను. ఎలా ఊడుతుందో చూస్తాను.

నీ మరదలు


రిపేరు బల్ల
ఆగస్టు 2

మరదలు పిల్లా,

మీ ఇద్దరూ ఒకరికొకరు తగ్గవాళ్ళే. మధ్యలో నేను వెర్రిదాన్నయ్యాను. అయినా ఇంత సంతోషం నాకు ఈమధ్య ఎప్పుడూ లేదు.

వాడు ఫోన్ చేసి "ఆపావా?" అన్నాడు. "నా వల్ల కాదురా, నీ పెళ్ళాన్ని నువ్వే ఆపుకో" అన్నాను. తర్వాత "కుట్టిన సీటు చాలా బాగుందక్కా" అన్నాడు. ఆడపడుచు అర్ధమొగుడంటారు కదా, ఆ సగం తరఫున నీకు పూర్తి అనుమతి. మిగతా సగాన్ని నువ్వు చూసుకో.

గాలి వీస్తుంటే లెన్సు విప్పకు. ఇంజను మీద కెమెరా పెట్టకు. పట్టీ మెడలో ఉండాల్సిందే. ఎలాస్టిక్ తొడుగు ఇంకో పది కుట్టి పంపు, మా కొట్టుకొచ్చేవాళ్ళకి ఇస్తాను. ఏది తీయాలో మాత్రం నన్నడక్కు. విప్పడమే గానీ తీయడం నాకు రాదు.

వదిన


రెండో సీటు, లారీల యార్డు
సెప్టెంబరు 6

వదినా,

ఒళ్ళో అట్ట పెట్టుకుని రాస్తున్నాను, గీతలు వంకరపోతే సర్దుకో. బయల్దేరి నాలుగో వారం. నడుం నిలిచింది. మూత ఊడలేదు.

మొదట్లో మీ తమ్ముణ్ణి చూస్తే జాలేసింది. పొద్దున్నే లేచి "చెరువు ఈ దారిలో కాదులే" అనేవారు. సాయంత్రం "నువ్వు కునుకు తీస్తుంటే దుప్పులు దాటాయి" అనేవారు. "సరేలెండి" అని నా పని నేను చూసుకునేదాన్ని. బంపర్లు తీశాను. గేరు మీద ఆయన చెయ్యి తీశాను. టీ తాగుతున్న డ్రైవర్లు, టైరు కింద పెట్టే చెక్క, రోడ్డు పక్క కుళాయి, అద్దం మీద ఎండ. ఆయన వారగా చూసి "ఇవేం ఫోటోలే?" అనేవారు. నాకు చెప్పాలని ఉండేది. ఎక్కడ మొదలుపెట్టాలో తెలిసేది కాదు.

నిన్న మధ్యాహ్నం ఈ యార్డుకి చేరాం. లారీలని తూకం వేసే చోటు. వరస కదలదు. ఇవాళ్టికీ ఇక్కడే ఉన్నాం. ఇందాక తోచక, కెమెరా వెనకాల చిన్న తెర ఉంటుందే, దాంట్లో ఫోటోలు ఒక్కొక్కటే ఆయనకి చూపించాను. కళ్ళజోడు పెట్టుకుని చూస్తున్నారు. బంపరు, కుళాయి, చెక్క. పొద్దున తీసిన ఈ యార్డు గోడ రాగానే నా చెయ్యి పట్టుకుని ఆపారు. వెలిసిపోయిన ఇటుక గోడ, ఏమీ లేదు దానిలో.

"ఈ గోడ ఎందుకు తీశావు?"

"ఎండ పడి బాగుంటేనూ."

ఆయన కళ్ళజోడు తీసి గోడ వైపు చూపించారు.

"మనమ్మాయి పుట్టిన మర్నాడు నేనిక్కడే ఉన్నాను. ఆ గేటు పక్కన ఫోను ఉండేది. ఆస్పత్రికి చేస్తే నిన్ను పిలిచారు. 'పిల్లని చూడ్డానికైనా రారా' అని ఒకటే ఏడుపు. ముందు నలభై లారీలు, వెనక ముప్ఫై. ఎలా రాను? ఎదురుగా ఈ గోడ తప్ప ఏమీ లేదు. ఏదో ఒకటి చెప్పాలి కదా. గులాబీరంగు పిట్టలన్నాను. నువ్వు ఏడుపాపి 'ఎన్ని?' అన్నావు. ఇంక నేను ఆపలేకపోయాను. చెరువు లేదే. ఎప్పుడూ లేదు."

"తెలుసండీ" అన్నాను.

"మా అక్క చెప్పిందా?"

"పిల్లకి మూడో ఏడప్పుడే తెలుసు."

స్టీరింగు మీద తల ఆనించేశారు. ఏడుస్తున్నారనుకుని భుజం మీద చెయ్యి వేశాను. నవ్వుతున్నారు. కళ్ళలో నీళ్ళు మాత్రం ఉన్నాయి.

"మరి ఇన్నేళ్ళు ఎందుకు విన్నావే?"

"బాగా చెప్తారు కాబట్టి."

చెయ్యి పట్టుకుని కిందికి దింపాను. గోడ ముందు నిలబెట్టి, నాలుగడుగులు వెనక్కి వచ్చి కెమెరా కంటికి పెట్టుకున్నాను. చొక్కా కాలరు సర్దుకుని, పెళ్ళిచూపులకి వచ్చినవాడిలా బిగుసుకుపోయారు.

"అలా కాదు. ఆ రోజు సగంలో ఫోన్ కట్టయింది. పిట్టలు దిగాక ఏమైంది?"

"ఇప్పుడేం చెప్పనే, అంతా తెలిశాక?"

"నాకు తెలిసింది చెరువు లేదనే. పిట్టలు ఏమయ్యాయో తెలియదు కదా."

సర్దుకుంటున్న కాలరు వదిలేశారు. తర్వాత మొదలుపెట్టారు. వదినా, ఆయన చెప్పేటప్పుడు చేతులు ఊపుతారని నాకు తెలియదు. కనుబొమలు పైకి లేస్తాయి, ఎడమ చెయ్యి చెరువవుతుంది, కుడి చేతి వేళ్ళన్నీ పిట్టలవుతాయి. నేను నమ్ముతున్నానా లేదా అని మధ్యలో ఓరకంట చూస్తారు. ఫోన్లో గొంతే కదా వచ్చేది. ముప్ఫై ఏళ్ళు విన్నాను గానీ, నాకు కథ చెప్పే ఆ మొహాన్ని మొదటిసారి ఇవాళే చూశాను. తీస్తూనే ఉన్నాను. ఇంతలో వరస కదిలింది. వెనక లారీలవాళ్ళు ఒకటే హారన్లు కొడుతున్నారు. ఆయన చెప్పడం ఆపలేదు, నేను తీయడం ఆపలేదు.

నీ మరదలు